మట్టిమిద్దెల సంరక్షణము, చిన్న యిండ్ల నిర్మాణము
(ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల పట్టాదారుల యుపయోగార్థము)

1. ఉద్దేశము

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో రైతుల పాత యిండ్లు చాలవరకు మట్టిమిద్దెలే. రాతిగోడ, మట్టిఅడుసు, వేపదూలము, నాపబండ, దానిపై చవుడుమన్ను: ఇవియే వాని సామగ్రి. ఇందులో నొక్కటియు దూరప్రాంతమునుండి తెప్పింపవలసినది కాదు. ఐనను వానకాలమున పాత మిద్దె కూలి మనుష్యులును పశువులును ప్రాణములు కోల్పోవుట వినబడుచునే యున్నది. ఇందువలన మట్టియిల్లు నమ్మదగినది కాదను తలంపు బలపడి, గట్టిగా నున్న మిద్దెలనుసైతము పడగొట్టి, అప్పుచేసి సిమెంటు కప్పు వేయువారు కలరు.

మిద్దె కూలుట మట్టియొక్క దోషము కాదు. అది మూడు కారణములచేత జరుగును. ఆ మూడింటిని వానలకు ముందే కనుగొనవచ్చును. పెక్కు సందర్భములలో కొద్ది వ్యయముతో సరిచేయవచ్చును. ఆ విధానమును, క్రొత్తగా చిన్న యిల్లు కట్టదలచినవారు గమనింపవలసిన సంగతులును ఈ కరపత్రమున వివరింపబడినవి.

2. మిద్దెయొక్క గుణము

ఈ ప్రాంతమున వేసవియందు ఎండ 40 డిగ్రీలు దాటుట సాధారణము. పలుచని రేకుకప్పు ఎండ తగిలిన కొద్దిసేపటికే వేడెక్కి, ఆ వేడిని క్రిందికి విడుచును. ఒకటిన్నర అడుగు మందముగల రాతిగోడయు, అరడుగు మన్నుగల కప్పును అట్లు కావు. పగటివేడి వానిలో మెల్లగా దిగి, లోపలి ముఖమునకు చేరుసరికి ప్రొద్దు గ్రుంకును. కనుకనే మధ్యాహ్నవేళ మిద్దెలోపల చల్లగా నుండును. అయితే రాత్రివేళ ఆ వేడి లోనికి వచ్చును. పెద్దలు వేసవిరాత్రులందు మిద్దెపైన పరుండుటకు కారణ మిదియే. రాత్రియందు కిటికీలు తెరచి గాలి ఆడనిచ్చి, ప్రొద్దెక్కిన పిమ్మట మూసియుంచినయెడల ఈ గుణము పూర్తిగా ఫలించును.

పాత మిద్దెలలో ముఖ్యమగు లోపము వెలుతురు, గాలి చాలకపోవుట. పైనున్న గవాక్షమొక్కటియే ఆధారముగా నున్న వంటగదిలో పొగ నిలిచి స్త్రీలకును పిల్లలకును ఊపిరితిత్తుల వ్యాధులు కలుగును. ఎదురెదురు గోడలలో రెండు కిటికీలు పెట్టించుట యిందుకు మందు. పాతగోడకు కిటికీ తెరచునపుడు, పైని బరువు మోయుటకు ముందుగా రాతిపట్టెను చొప్పించి, ఆ తరువాతనే క్రిందిరాళ్లు తీయవలెను.

3. చవుడుమన్ను నీటి నెట్లు ఆపును

పైరును చంపు చవుడే యింటికప్పును కాపాడుట వింతగా తోచవచ్చును. కారణము రెండింటికి నొక్కటియే. కారుచవుడునందు సోడియము అను క్షారధాతువు అధికముగా నుండును. అట్టి మన్ను తడిసినపుడు అందలి జిగటరేణువులు ఒకదానినుండి యొకటి విడిపోయి, మంటిలోని సన్నని రంధ్రముల నన్నింటిని పూడ్చివేయును. పిమ్మట నీరు దిగదు. చేనిలో నీరు దిగనందున వేళ్లు ఊపిరాడక పైరు చచ్చును. మిద్దెపై నీరు దిగనందున దూలములు తడియక బ్రదుకును.

చవుడుచేనికి జిప్సము చల్లుట రైతులెరిగినదే. జిప్సములోని సున్నపుధాతువు సోడియమును తొలగించి రేణువులను మరల గుంపులుగా చేర్చును. అప్పుడు నీరు దిగును. చేనికి కావలసిన యీ మార్పు మిద్దెకు హాని. కావున మిద్దెపై పరచు చవుడులో జిప్సముగాని సున్నముగాని కలుపరాదు. గట్టిపడునని తలచి సున్నము కలిపినచో చవుడుయొక్క నీటిని ఆపు శక్తియే చెడును.

చవుళ్లన్నియు మిద్దెకు పనికిరావు. పైన తెల్లని ఉప్పుపొర తేలు పాలచవుడుకంటె కారుచవుడు మేలైనది. పరీక్ష సులభము. మంటిని జల్లించి, తడిపి, త్రొక్కి, గిన్నెవలె మలచి నీడన ఆరబెట్టవలెను. దానిలో నీరుపోసి మరునాటి ఉదయమువరకు ఉంచవలెను. అడుగున చెమ్మ దిగని మన్ను కప్పునకు తగినది. రెండుమూడు చోట్ల మన్ను తెచ్చి ఒకేసారి పరీక్షించి, మేలైనదానిని ఏరుకొనుట మంచిది.

చవుడు కప్పునకు మాత్రమే. గోడ అడుసులోగాని పూతలోగాని చేరినయెడల అందలి ఉప్పు చెమ్మతో పైకివచ్చి, గోడను పొడిపొడిగా రాల్చును.

4. మిద్దె కూలుటకు కారణములు

(అ) కప్పుమీద పెరుగు బరువు.
ఉరిసిన ప్రతియేడును పాతమన్ను తీయకయే దానిపై క్రొత్త చవుడు పోయుట పెక్కుచోట్ల అలవాటు. దీని ఫలము లెక్కవేసి చూడదగినది. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవుగల గదికప్పు 120 చదరపుటడుగులు. దానిమీద ఒక్క అంగుళము మన్ను 10 ఘనపుటడుగులగును. తడిసిన మన్ను ఘనపుటడుగునకు సుమారు 50 కిలోలు తూగును. అనగా అంగుళమునకు 5 క్వింటాళ్లు. అరడుగు మందముగల కప్పు 30 క్వింటాళ్లు తూగును; కాలక్రమమున అది అడుగు మందమైనచో 60 క్వింటాళ్లు. తాతలనాడు 30 క్వింటాళ్లకు అమర్చిన దూలము, తాను ముసలిదై, రెట్టింపు బరువు మోయవలసి వచ్చుచున్నది. ఎడతెగని ముసురులో మన్ను నిండుగా తడిసిన రాత్రి అది విరుగును.

కావున నియమ మిది: ఎంత మన్ను పోయుదురో, అంత మన్ను ముందుగా దించవలెను.

(ఆ) గోడ అడుగున నీరు.
అడుసుతో కట్టిన గోడ పొడిగా నున్నంతకాలము బలముగా నుండును. అడుగు నానినచో సగము బలమును కోల్పోవును. మిద్దె దోనెనుండి పడునీరు గోడమొదట పడుట, వీధికి సిమెంటురోడ్డు వేసినపుడు దాని మట్టము పెరిగి యిల్లు పల్లమగుట, స్నానపునీరు గోడవెంట నిలుచుట, ఈ మూడును ఇప్పటి ముఖ్యకారణములు. దోనె గోడకు రెండడుగులైన ముందుకు ఉండవలెను. నీరు పడుచోట నాపబండ పరచి, కాలువ త్రవ్వి దూరముగా పంపవలెను.

చెమ్మను దాచుటకై గోడకు సిమెంటు పూత వేయించువారు కలరు. ఇది రోగమును కప్పిపెట్టుటయేగాని మాన్పుట కాదు. లోనిచెమ్మ ఆవిరియై పోవుటకు దారిలేక గోడలోనే నిలిచి, కొన్నియేండ్లకు పూతయు దానితోకూడ గోడమన్నును పెళ్లలుగా ఊడిపడును. మట్టిగోడకు మట్టిపూతగాని సున్నపుపూతగాని తగినది.

(ఇ) దూలపు చివరలు, చెదలు.
దూలము నడుమ చూచుటకు గట్టిగా నున్నను, గోడలో దూరిన చివర పుచ్చియుండవచ్చును. చెదలు మంటిగోడలోపలినుండియే దారి చేసికొని అచ్చటికి చేరును. దూలపు చివర నేరుగా అడుసుపై ఆనకుండ రాతిదిమ్మెపై ఆని, ప్రక్కల వ్రేలుపట్టునంత ఖాళీ యుండినయెడల గాలి తగిలి కొయ్య నిలుచును.

5. వానలకు ముందు చేయదగిన పరీక్ష

ఈ ప్రాంతమున వాన తక్కువయైనను కొద్దిదినములలోనే కుండపోతగా కురియుట కలదు. 2021 నవంబరు నెల వానలకు ఈ జిల్లాలో చెయ్యేరుపైనున్న అన్నమయ్య జలాశయపు కట్టయే తెగినది. కావున రోహిణి కార్తెలోపల నొకసారియు, చిత్త, స్వాతి కార్తెల వానలకు ముందు మరియొకసారియు ఈ క్రింది విధమున చూచుకొనవలెను.

మొదట కప్పుపై నాలుగుచోట్ల ఇనుపకడ్డీ గ్రుచ్చి బండవరకు మన్నెంత మందమున్నదో కొలువవలెను. 8 అంగుళములు మించినచో అదనపు మంటిని దించవలెను. రెండవది, దూలము క్రింద ఈ గోడనుండి ఆ గోడకు దారము బిగించి పట్టవలెను. నడుమ దూలము దారమును క్రిందికి నొక్కినచో వంగినట్లు. గుర్తుపెట్టి మరల ఆరునెలలకు చూచినపుడు వంపు పెరిగియున్నచో ఆ దూలము మార్చదగినది. మూడవది, దూలపు చివరలను సుత్తితో తట్టి వినవలెను. గట్టికొయ్య ఖణీలుమనును, పుచ్చినది డొల్లగా మ్రోగును. సందేహమున్నచోట ఆరతో పొడిచి చూడవలెను. నాలుగవది, గోడకు తూకపుగుండు వ్రేలాడదీసి పొట్ట తీసినదా యని చూడవలెను. పాత రాతిగోడ లోపలివరుస, వెలుపలివరుస అను రెండు పొరలుగా నుండును. రెండింటిని కలిపి పట్టు అడ్డురాళ్లు లేనిచోట అవి విడిపోయి గోడ ఉబ్బును.

ముసురుపట్టిన దినములలో తలుపు అకస్మాత్తుగా బిగిసిపోవుట, కప్పునుండి మన్ను సన్నగా రాలుట, దూలము చిటపటమని పలుకుట, గోడకు క్రొత్త బీట కనబడుట: ఈ గురుతులలో ఏదియున్నను ఆ రాత్రి అందు పరుండరాదు. పశువులను, ధాన్యమును ఆ పిమ్మట చూచుకొనవచ్చును. ముందు మనుష్యులు వెలుపలికి రావలెను. వానలో నెవరును బరువు తగ్గించు నెపమున మిద్దెపైకి ఎక్కరాదు. తడిసిన కప్పునకు మనిషిబరువే కడపటి బరువు కావచ్చును.

6. చవుడు మార్చు విధానము

వేసవియందు పాత చవుడును పైనుండి పలుచని పొరలుగా, రెండు ప్రక్కల సమముగా దించవలెను. ఒకప్రక్కనే కుప్పచేసినచో ఆ దూలముపై బరువు కేంద్రించును. బండల సందులు తెరచియున్నచో రాతిచిప్పలతోను సున్నపుఅడుసుతోను మూయవలెను. దానిపై మామూలు ఎర్రమంటిని తడిపి 3 అంగుళములు పరచి దిమ్మిసతో కొట్టవలెను. అది ఆరి బీటలు విడిచిన పిమ్మట ఆ బీటలను నింపి, పైని 2 అంగుళముల చవుడు పరచవలెను. దోనెవైపునకు 10 అడుగులకు 3 అంగుళముల చొప్పున వాలు చాలును. వాలు అంతకంటె ఎక్కువైనచో నీరు వేగముగా పారి చవుడును కోసివేయును. తక్కువైనచో నీరు నిలుచును. తొలివానకు పైకెక్కక, వాన వెలిసి ఆరిన తరువాత చూచి, గుంటలున్నచోట పిడికెడు మన్ను వేసి సరిచేసినచో ఆ యేటికి భయముండదు.

7. ఏ ప్రాంతమున నే సామగ్రి

జమ్మలమడుగు, మైలవరము, యర్రగుంట్ల ప్రాంతములలో భూమిలోపల సున్నపురాయి పొరలు పొరలుగా నున్నది. 1872లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు శిలలను గూర్చి ప్రకటించిన గ్రంథమునుండి దీనికి నార్జి సున్నపురాయి అను పేరు శాస్త్రమున ప్రసిద్ధమైనది. దీనినే జనులు నాపరాయి యందురు. పరదేశములందు కడపబండ యనుపేర చెల్లుబడి యగును. ఉలి, మేకులతో విడదీసిన మాత్రమున పలకగా వచ్చుట దీని గొప్పగుణము. పలకగా కప్పునకు వాడిన రాయికి మంట యక్కరలేదు. అదే రాయిని సున్నము చేయవలెనన్న సుమారు 900 డిగ్రీల వేడియు, సిమెంటు చేయవలెనన్న సుమారు 1450 డిగ్రీల వేడియు కావలెను. బండలకోత యంత్రములవద్ద మిగులు ముక్కరాళ్లు పునాదులకును, అరుగులకును, పశువుల గాడులకును బాగుగా ఉపకరించును.

ప్రొద్దుటూరు చుట్టునున్న పెన్నాతీరపు పల్లెలలోను, కర్నూలు-కడప కాలువ క్రిందను నల్లరేగడి విస్తారము. రేగడి తడిసి ఉబ్బి, ఎండి బీటలువారును. దానితో గోడ పెట్టరాదు. దానిపై కట్టునపుడు వేసవిలో బీటలోనికి కడ్డీ దించి లోతు చూచి, పునాదిని అంతకంటె క్రిందికి దింపి, గోడకిరువైపుల మొరము నింపవలెను. పునాది పైపైననే వేసి గోడను సిమెంటుతో కట్టినను బీట తప్పదు.

పులివెందుల, వేంపల్లె ప్రాంతములలో కొండరాయి, ఎర్రమన్ను రెండును సులభముగా దొరకును. ఎర్రమన్ను గోడఅడుసునకు శ్రేష్ఠము. ఈ ప్రాంతపు కొండలలో రాతినార, అనగా ఆస్బెస్టాసు, దొరకుట చాలమందికి తెలియును. దానితో చేసిన రేకులు చౌకయని కప్పునకు వేయుదురు. రాతినార దుమ్ము పీల్చుటవలన ఊపిరితిత్తుల క్యాన్సరు కలుగునని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ణయించియున్నది. ఉన్న రేకులను కోయుట, తూట్లుపొడుచుట, పగిలినవానిని ఇంటివద్ద పొడిచేసి పల్లములు పూడ్చుట చేయరాదు. క్రొత్తకప్పునకు వానిని వాడకుండుట మేలు.

8. క్రొత్తగా చిన్న యిల్లు

అవసరమునకు మించిన యిల్లు కట్టుటకంటె, చిన్నదియైనను బలమైన యిల్లు కట్టి, వలసినపుడు ప్రక్కన గది చేర్చుకొనుట వివేకము. రెండు గదులు, వంటయిల్లు, ముందు పంచ చాలును. పశువుల కొట్టము వేరుగా నుండవలెను. దూలములు 10 అడుగులు మించకుండ గదుల వెడల్పును అమర్చినయెడల ఊరిలోని వేప, తుమ్మ కొయ్యయే సరిపోవును. దూరపు టేకు కొనవలసిన పనిలేదు.

ఇంటిమట్టము వీధికంటె రెండడుగుల ఎత్తున నుండవలెను. గోడరాళ్లలో నిలువున రెండడుగులకును, అడ్డమున నాలుగడుగులకును ఒకటి చొప్పున గోడమందమంతయు పట్టు అడ్డురాయి పెట్టవలెను. మేస్త్రీ తొందరలో విడిచిపెట్టు పని యిదియే. యజమాని దగ్గరనుండి చూచుకొనవలెను. అడుగుమట్టముపై నాపబండలను గోడకు రెండంగుళములు వెలుపలికి వచ్చునట్లు పరచినచో, నేలచెమ్మ పైకి రాదు. చెదలు వెలుపలి అంచుచుట్టి వచ్చినచో వాని మట్టిదారి కంటికి కనబడును.

అడుసుమన్ను తగినదో కాదో గాజుసీసాతో చూడవచ్చును. సీసాలో మూడవవంతు మన్ను, మిగత నీరు పోసి బాగుగా కుదిపి ఒకదినము కదల్పక ఉంచవలెను. అడుగున ఇసుక, దానిపై ఒండ్రు, పైని జిగట వరుసగా తేరును. ఇసుక సగమునకు మించియుండి, జిగట అయిదవవంతునకు లోబడియున్న మన్ను గోడకు మంచిది. జిగట ఎక్కువైనచో ఇసుక కలుపవలెను.

రాయి దొరకనిచోట కాల్చిన ఇటుకకు బదులు, మంటిలో నూటికి 5 మొదలు 8 పాళ్లు సిమెంటు కలిపి చేతియంత్రముతో అదిమిన మట్టిదిమ్మెలు వాడవచ్చును. ఇసుకమంటికి సిమెంటు, జిగటమంటికి సున్నము తగును. నీడలో 28 దినములు తడుపుచు ఆరబెట్టవలెను. ఇట్టి దిమ్మెలకు భారతీయ ప్రమాణసంస్థ 1725 సంఖ్యగల ప్రమాణమును ఏర్పరచియున్నది.

9. సున్నము, సిమెంటు

పోర్ట్‌లాండు సిమెంటునకు ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ హక్కుపత్రము పొందినది 1824లో. గండికోటలోని ధాన్యాగారపు కమానుకప్పు అంతకు పూర్వమే రాతితోను సున్నముతోను కట్టబడి, నేటికిని నిలిచియున్నది. స్వచ్ఛమగు సున్నపురాయి 100 కిలోలు కాల్చినయెడల 56 కిలోల సున్నము మిగిలి, 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా పోవును. సున్నము గోడలో గట్టిపడునపుడు ఆ వాయువును చాలభాగము మరల పీల్చుకొనును. ప్రపంచమున మనుష్యులవలన పుట్టు బొగ్గుపులుసు వాయువులో నూటికి 7 లేక 8 పాళ్లు సిమెంటు పరిశ్రమనుండియే వచ్చుచున్నదని శాస్త్రజ్ఞుల లెక్క. వేసవులు ముదురుటకు ఆ వాయువు ముఖ్యకారణము.

ఇందుచేత సిమెంటును బొత్తిగా విడువవలెనని కాదు. స్నానపుగది నేల, నీటితొట్టి, గోడలపైన నాలుగుమూలలను బంధించు పట్టె: ఈ మూడుచోట్ల దాని పని మరియొకదానిచేత అంత బాగుగా కాదు. తక్కిన గోడలకును పూతకును దానిని పోయుట వ్యయమేగాని లాభము కాదు. సున్నమును గుంతలో పోసి నీరు నిలిపి రెండువారములైన నాననిచ్చి, ఒకపాలు సున్నమునకు మూడుపాళ్లు ఇసుక చేర్చి గానుగలోగాని రోటగాని నూరినచో పూతకు తగును. సున్నము కంటిలో పడినచో చూపునకు ముప్పు. పనివారు కండ్లకు మరుగు పెట్టుకొనవలెను, పడినచో వెంటనే విస్తారముగా నీటితో కడిగి వైద్యుని చూడవలెను.

10. ఇతరచోట్ల అనుభవము

ఈ విధమగు నిర్మాణము పేదరికపు గురుతని కొందరు తలతురు. లారీ బేకర్ అను ఇంగ్లీషు వాస్తుశిల్పి 1945లో భారతదేశమునకు వచ్చి, కేరళమున స్థిరపడి, స్థానికపు ఇటుక, సున్నములతో అన్నితరగతులవారికిని ఇండ్లు కట్టెను. బెంగుళూరిలోని భారతీయ విజ్ఞానసంస్థలో 1974లో నెలకొన్న అస్త్ర అను కేంద్రమునందు మట్టిదిమ్మెల యంత్రములపై పరిశోధన జరిగినది. ఐగుప్తదేశమున హసన్ ఫతీ అను శిల్పి 1940 తరువాతి యేండ్లలో న్యూ గుర్నా అను గ్రామమును మట్టియిటుకలతో నిర్మించెను. ఇండ్లు అందముగా వచ్చినను, పాత గుర్నాలో తమ జీవనమును విడిచి వచ్చుటకు జనులు చాలమంది యిష్టపడలేదు. ఇల్లు ఎంత చక్కనిదైనను అందుండువారి పనిపాటలకు సరిపడవలెనను పాఠము దీనివలన తెలియుచున్నది. మన మిద్దెలకు ఆ లోపము లేదు. సేద్యముచేయువారే తమ యవసరములనుబట్టి వానిని రూపొందించిరి.

11. విప్పవలసిన మిద్దెలు

దూలములు పుచ్చి, గోడలు పొట్టతీసి, అడుగు నానిన మిద్దెను ప్రేమచేత నిలుపుకొనరాదు. అట్టిదానిని విప్పవలెనేగాని కూల్చరాదు. ముందు కప్పుమన్ను, పిమ్మట బండలు, తరువాత దంతెలు, దూలములు, కడపట గోడరాళ్లు: ఈ క్రమమున దించినయెడల ఎవరికిని అపాయముండదు. బండలు, రాళ్లు, గట్టి దూలములు, ద్వారబంధములు, అడుసుమన్ను మరల క్రొత్తయింటికి పనికివచ్చును. యంత్రముతో కూల్చిన యిల్లు శిథిలపుకుప్ప యగును. విప్పిన యిల్లు సామానుకుప్ప యగును. సిమెంటుకప్పు విరిగినప్పుడు ఈ లాభము లేదు.

పట్టాదారులు తమ మిద్దెలతోపాటు, కౌలుదార్లు, పాలేర్లు, కూలీలు నివసించు మిద్దెలనుకూడ ప్రతియేడు పరీక్షింపించుట యుక్తము. వారి కప్పులపై మన్ను పోయువారు కలరేగాని దించువారు తక్కువ. ఒక ఇనుపకడ్డీ, ఒక దారము, ఒక తూకపుగుండు, ఒకదినపు పని యిందుకు చాలును.